టాంకీ మీద శాంతయ్య

శాంతయ్య నేల మీద బోర్లా పడుకుని ఒంటికన్నుతో బూడిద వైపు చూస్తున్నాడు. రాత్రంతా నీళ్లు మోసిన రేకు టాంకీ ఆ బూడిద మీద కదలకుండా నిలబడి ఉంది. ఎక్కడైనా సన్నపు చుక్క కారితే పొడి బూడిద మీద నల్లటి మచ్చ పడాలి. మొయినాబాదులో ఆయన చేతి మీదుగా పోయిన ప్రతి బకెట్టూ, ప్రతి గ్యాసునూనె దీపపు బుడ్డీ ఈ బూడిద పరీక్ష దాటే పోయింది. ఈ పక్కన మచ్చ లేదు. మోకాళ్ల మీద అటు పక్కకు పాకి చూశాడు. అక్కడా లేదు.

"ఏందయ్యా, దానికి దండం పెడుతున్నవా?" అంది ప్రేమమ్మ గడపలో నిలబడి. ఆమె చేతిలో చీపురు ఉంది. ఊడవవలసిన చోటే మొగుడు పడుకుని ఉన్నాడు.

"ఒక్క చుక్క కారలేదే!"

"కారకుంటే మంచిదే. లేసి జర పక్కకు జరుగు."

లేవబోతే ఎడమ భుజం పట్టేసింది. ఈ మధ్య అది తరచూ అట్లాగే పట్టేస్తోంది. సుత్తి దెబ్బల వల్లేనని ఆయన నమ్మకం. సుత్తి పట్టేది కుడిచేతితో కదా అని ప్రేమమ్మ అడిగితే, దెబ్బ కుడిచేతిది, అదురు ఎడమచేతిది అని చెప్పాడు. ఆమెకు అది నమ్మబుద్ధి కాలేదు గాని, రేకు పని తెలిసిన మనిషితో వాదించడం ఎందుకని ఊరుకుంది.

శాంతయ్య యాభై దాటిన సన్నటి మనిషి. రేకుల అతుకులకు మాటు వేసేటప్పుడు ఎగిరే నిప్పురవ్వలకు కనుబొమలు ఎప్పుడో సగం కాలిపోయాయి. అందుకని ఆయన ముఖం ఎప్పుడు చూసినా ఇప్పుడే ఏదో వింత విన్నట్టుగా ఉండేది. వేలి కొనలు కాలి కాలి నున్నగా అయ్యాయి. ఊరంతా ఆయన చేసిన బుడ్డీల వెలుతురులోనే అన్నం తినేది. ఎవరైనా ఆయనను తలుచుకునేది మాత్రం బుడ్డి కారినప్పుడే. బుడ్డీలు కారేవి కావు కనుక ఆయనను తలుచుకోవడం కూడా తక్కువే.

గ్యాసునూనె డబ్బాలను విప్పి, కొయ్యసుత్తితో చదును చేసి, ఆ రేకులతోనే టాంకీని కట్టాడు. డబ్బాల మీది ఏనుగు బొమ్మలన్నీ లోపలి వైపుకు పోవాలని ఎంతో జాగ్రత్త పడ్డాడు. అయినా ఒక ఏనుగు బయటే మిగిలింది, అదీ తలకిందులుగా.

"దొర ఏనుగును సూసి ఏమంటడో," అంది ప్రేమమ్మ.

"ఏనుగు దొరలకు శుభమే."

"కాళ్లు పైకి పెట్టిన ఏనుగు కూడనా?"

శాంతయ్య నీళ్లు పారబోసి, టాంకీని గుడ్డతో తుడిచి, మండువేసవి కనుక తలపాగాను మందంగా చుట్టి దానిని నెత్తికెత్తుకున్నాడు. దొర ఉండే చేవెళ్ల దాకా నడవాలి. ఆయన పుట్టిన దగ్గర్నుంచి నెత్తి మీద ఏదో ఒకటి లేకుండా ఆ దారిన నడిచింది లేదు.

"జ్ఞాపకమున్నది గదా," అన్నాడు వాకిట్లో ఆగి. "ఇయాల సందె కాకముందే దొర ఫట్‌ఫటి చప్పుడు ఇనబడతది. నువ్వు బయటికి రావాలె."

"వస్త తీ. మల్ల ఒట్టి గుర్రమే వస్తదేమో, దానికే హారతి ఇస్త."

ఆ మాట ముప్పై ఏళ్ల నాటిది. అయినా ప్రేమమ్మ నోట్లో అది ఏనాడూ పాతబడలేదు.

ఆమెది చేవెళ్ల. పెళ్లికని శాంతయ్య తరపువాళ్లు శంకర్‌పల్లి నుంచి ఒక తెల్ల గుర్రాన్ని కిరాయికి తెచ్చారు. వరుడు గుర్రమెక్కి బయలుదేరాడు గాని, దారిలో కోటలాంటి దొర గడి ఉంది. గడి గోడ మొదలయ్యే చోట ఎవరైనా సరే బండి దిగాలి, చెప్పులు విప్పి చేతపట్టుకోవాలి, గోడ అయిపోయిందాకా తల వంచి నడవాలి. పెండ్లికొడుకైనా అంతే. శాంతయ్య దిగాడు. ఆ పొద్దున్నే వాన కురిసి దారంతా బురద. గోడ దాటాక మళ్లీ ఎక్కబోతే, డప్పుల మోతకు బెదిరిన గుర్రం ఆయనను దగ్గరికి రానియ్యలేదు. దండ తనే మెడలో వేసుకున్నట్టు ముందు నడిచింది. వెనక మోకాళ్ల దాకా బురదతో వరుడు నడిచాడు. తలుపు సందులోంచి చూసిన ప్రేమమ్మకు మొదట గుర్రమే కనిపించింది. అల్లుడి కాళ్లు కడగడానికి ఆమె తండ్రికి ఒక బిందె చాలలేదు. పాదిరిగారు నవ్వాపుకోలేక పాట పుస్తకాన్ని ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

అప్పటి నుంచి, కూరలో ఉప్పు తక్కువైందని శాంతయ్య అన్నప్పుడల్లా ప్రేమమ్మ ఒకటే అడిగేది: "నేను నిన్ను చేసుకున్ననా, ఆ గుర్రాన్ని చేసుకున్ననా? అది అయితే ఉప్పు అడగకపోవు."

ఆయన నవ్వేవాడు. కాని ఆ గోడ పొడుగునా నడిచిన నడక ఆయన లోపల ఎక్కడో కారుతూనే ఉంది. దానికి మాటు దొరకలేదు.

చివరికి దొరికింది చిన్నదొర ఫట్‌ఫటి రూపంలో. గడి దొర కొడుకు పట్నంలో చదువుకుని, చదువు కంటే ముందు పందాలకు పోయే మోటారు సైకిలును ఇంటికి తెచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఉరకడానికి తప్ప నిలబడడానికి పుట్టనట్టు ఉండేది ఆ బండి. దాని పెట్రోలు టాంకీ మాత్రం చిన్నది. చిన్నదొర వికారాబాదు దాకా, శంకర్‌పల్లి దాకా ఊరికే తిరిగి తిరిగి పట్నం దారి పట్టేసరికి, అది సరిగ్గా మొయినాబాదు దగ్గర ఆయాసపడి ఆగేది. అందుకని శాంతయ్య కొట్టంలో ఒక పెట్రోలు డబ్బా దాచి ఉంచేవారు. బండి ఆగగానే శాంతయ్య మేకుకు తగిలించిన గరాటును తీసుకుని పరుగెత్తేవాడు. ఆ గరాటు ఆయన ప్రత్యేకంగా చేసింది. పొడుగాటి ముక్కు, అంచుకు మలిచిన జడ, లోపల సన్నటి జల్లెడ. ఊరి పిల్లలంతా చుట్టూ మూగేవాళ్లు. ఆ కాసేపు శాంతయ్య ఊళ్లో అందరికంటే పెద్దమనిషి.

ఒకరోజు చిన్నదొర విసుక్కున్నాడు. "అరే శాంతయ్యా, ఇంతకు రెండింతలు పట్టే టాంకీ చేస్తవా? చేవెళ్లల ఎక్కితే పట్నంల దిగాలె, నడుమ ఆగుడు లేదు."

"చేస్త దొరా."

"ఏం కావాలె నీకు?"

శాంతయ్య గరాటును రెండు చేతులా పట్టుకుని, దానితోనే చెప్తున్నట్టుగా అన్నాడు. "ఒక్కసారి ఎన్కకు కూసోబెట్టుకోర్రి దొరా. గడి ముంగట్నుంచి మా ఇంటి దాక."

చిన్నదొర పకపకా నవ్వాడు. "అంతేనా! చుక్క కారకుంటే కూసోబెడత పో."

ఇప్పుడు ఆ చుక్క కారని టాంకీతో శాంతయ్య చేవెళ్ల దారిలో ఉన్నాడు. దారిలో కూరగాయల గంపతో ఎదురైన ఒక ముసలమ్మ ఆగి చూసింది.

"ఏందన్నా అది? కోళ్ల గూడా?"

"దొర ఫట్‌ఫటికి కడుపు, అవ్వా."

"అబ్బో! ఎన్నో నెల?"

శాంతయ్యకు నవ్వొచ్చింది గాని, నెత్తి మీద టాంకీ కదులుతుందని గట్టిగా నవ్వలేదు. భుజం మళ్లీ పట్టేసింది. ఒక తుమ్మచెట్టు కింద కాసేపు కూర్చుని, అదురు తగ్గాక లేచాడు.

గడి గోడ మొదలైన చోట చెప్పులు విప్పి చేతపట్టుకున్నాడు. గేటు దగ్గర జవాను మైసయ్య మీసాలు దువ్వుకుంటూ ఉన్నాడు. కొలతలు తీసింది ఇతనే. అప్పుడు బండి పెద్ద అరుగు మీద ఉండేది. శాంతయ్య అరుగు ఎక్కరాదు కనుక కింద నిలబడి "ఇటు పట్టు, అటు పట్టు" అంటుంటే మైసయ్య తాడుతో కొలిచి ముడులు వేసి ఇచ్చాడు.

ఇవాళ బండిని వాకిట్లోకి దింపారు. చిన్నదొర సిగరెట్టు పారేసి వచ్చాడు. పాత టాంకీని ఊడదీస్తే బండి మెడ తెగిన కోడిలా కనిపించింది. శాంతయ్య కొత్తదాన్ని ఆ మెడ మీద కూర్చోబెట్టాడు. ముడులు అబద్ధం చెప్పలేదు, అది వచ్చి సరిగ్గా కూర్చుంది. మరలు బిగించి, పెట్రోలు పోసి, పక్కకు జరిగాడు. చిన్నదొర ఎక్కాడు. టాంకీ వెడల్పుకు ఆయన కాళ్లు రెండూ రెండు దిక్కులకు పోయాయి.

"ఏందిరా ఇది, దున్నపోతు మీద కూసున్నట్టున్నది!"

"అలవాటైతది దొరా," అన్నాడు మైసయ్య.

ఫట్‌ఫటి గర్జించి ముందుకు దూకింది. వాకిలి చివర మలుపు ఉంది. చిన్నదొర బండి కొమ్ములను తిప్పబోయాడు. కొమ్ములు వెళ్లి టాంకీకి తగిలి ఆగిపోయాయి. ఎడమకు తిరగలేదు, కుడికి తిరగలేదు. తిన్నగా పోవడం తప్ప వేరే దారి లేక తిన్నగానే పోయి గడ్డివాములో దూరింది. కాసేపు గడ్డివాములోంచి పొగా, ఉర్దూ తిట్లూ వచ్చాయి.

గడ్డి దులుపుకుంటూ వచ్చిన చిన్నదొర ఇద్దరినీ చూశాడు.

"కొలత ఎవడు తీసిండు?"

"నేనే దొరా," అన్నాడు మైసయ్య.

"కొమ్ములు తిప్పి కొలవాలె గదరా!"

మైసయ్య అదిరిపడ్డాడు. "దొర బండి చెవులు పట్టుకొని తిప్పాల్నా? నాకెన్ని గుండెలు దొరా? అది ఎట్ల నిలబడ్డదో అట్లనే కొలిచిన."

"నువ్వన్నా చెప్పలేదేందిరా?" అని శాంతయ్య వైపు తిరిగాడు.

"అది తిరుగుతదని ఎరుకనే దొరా. కింద నుంచి సరిగ కనబడలే, మైసన్న తిప్పిండనుకున్న."

చిన్నదొర ముఖం చూస్తే, ఇంకో మాట వస్తే ఆ టాంకీ గడ్డివాములోనే ఉండిపోయేలా ఉంది. శాంతయ్య బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక చక్రం మీద ఇనుప చట్రం ఉంది, దాని మీద ఇంకో మనిషి కూర్చోవడానికి చిన్న మెత్త ఉంది. అక్కడ కొమ్ములు లేవు, కాళ్లు లేవు. టాంకీ ఎంత పెద్దదైనా ఎవరికీ అడ్డం రాదు.

"ఎన్కకు పెడదాం దొరా. గొట్టం జర పొడుగు చేస్త," అన్నాడు.

పాత టాంకీని మళ్లీ మెడ మీద పెట్టారు, ఒట్టిదే, అందానికి. పెట్రోలంతా దించి దూరంగా పెట్టించి, వాకిలి అవతలి మూలకు వెళ్లి శాంతయ్య కుంపటి రాజేశాడు. గొట్టం ముక్కలు అతికించి, చట్రానికి రేకు చెవులు చేసి, టాంకీని వెనక నిలబెట్టాడు. చెమట కళ్లలోకి కారుతోంది. మెత్తను విప్పి పక్కన పెట్టాడు. ఒక మర బిగించాడు. ఇంకొకటి బిగించాడు.

చివరి మర చేతిలో ఉండగా ఆయన చేయి ఆగిపోయింది. పక్కన నేల మీద పడి ఉన్న మెత్తను చూశాడు. అది తన చోటు. తన చోటును తనే విప్పేసి, దాని మీద తను చేసిన టాంకీని తనే బిగిస్తున్నాడు.

ఇక్కడ కుదరదు దొరా అని ఒక్క మాట అంటే సరిపోతుంది. అంటే టాంకీ ఉండదు. టాంకీ లేకపోతే దొర ఇచ్చిన మాటా ఉండదు. ఎటు చూసినా గుర్రం ఒట్టిగానే పోయేలా ఉంది. ఆయన నిట్టూర్చి, సగం కాలిన కనుబొమలను మణికట్టుతో తుడుచుకుని, చివరి మర కూడా బిగించాడు. చేసిన పని వదులుగా ఉంచి పోవడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు.

పెట్రోలు పోశారు. కింద బూడిద చల్లి చూశారు. మచ్చ పడలేదు. చిన్నదొర వాకిలంతా గుండ్రంగా తిరిగి వచ్చి, "షాబాష్!" అన్నాడు. అప్పుడు ఆయనకూ కనబడింది. "మరి నువ్వేడ కూసుంటవ్‌రా?"

మైసయ్య గడ్డివాము సంగతి మరిచిపోయి హాయిగా నవ్వాడు. "ఏముంది దొరా, ఎన్కనే ఉరికి వస్తడు."

శాంతయ్య కుంపటి మీద కప్పే గోనెసంచిని తెచ్చాడు. దులిపాడు, నాలుగు మడతలు పెట్టాడు, టాంకీ మీద పరిచాడు.

"దీని మీద కూసుంట దొరా. నేను చేసిందే గద, నన్ను మొయ్యదా?"

చిన్నదొర ఒక్క క్షణం చూశాడు. పందెం గెలిచినంత ఉత్సాహంలో ఉన్నాడు. "ఎక్కు మరి!"

శాంతయ్య ఎక్కాడు. అక్కడి నుంచి చిన్నదొర నెత్తి కింద కనిపించింది. నడినెత్తిన జుట్టు పలచబడుతోందని కూడా కనిపించింది. ఆ సంగతి ఎవరికీ చెప్పరాదని వెంటనే అనుకున్నాడు.

బండి గేటు దాటి గడి గోడ వెంట తిరిగింది. అలవాటు కొద్దీ శాంతయ్య చెప్పులను ఇంకా చేతనే పట్టుకుని ఉన్నాడు. "గట్టిగ పట్టుకో!" అని చిన్నదొర అరిచేసరికి, చెప్పులను చంకలో ఇరికించి ఆయన భుజాలను పట్టుకున్నాడు. మైసయ్యకూ అలవాటే. గోడ పక్కన ఎవడో ఎక్కి పోతున్నాడు అనేసరికి కాళ్లు వాటంతట అవే ఉరికాయి.

"దిగు! ఏయ్, దిగు!"

"నేనారా?" అన్నాడు చిన్నదొర వెనక్కి తిరిగి.

"మీరు కాదు దొరా, మీదున్నోడు!"

గోడ అంత ఎత్తుగా లేదు. లోపల అరుగు మీద పెద్దదొర గడ్డం గీయించుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా, ఇంకో చెంప నురగతో ఉంది. ఆయనకు కొడుకు కనబడలేదు, బండి కనబడలేదు. గోడ మీదుగా ఒక తలపాగా, దాని కింద కనుబొమలు సగమే ఉన్న ముఖం, చంకలో చెప్పుల జత, ఇవి మాత్రం గాలిలో నెమ్మదిగా జరిగిపోతూ కనిపించాయి. మంగలి కత్తి అక్కడే ఆగిపోయింది. శాంతయ్యకు ఏం చేయాలో తోచక, ఎప్పుడూ చేసినట్టే ఒక చేత్తో వంగి దండం పెట్టాడు. పైనుంచి పెట్టిన దండం అది. పెద్దదొర నోరు తెరిచి, నురగ లోపలికి పోయి, మూసుకున్నాడు.

గోడ అయిపోయింది.

ఆ గోడ ఇంత పొట్టిది అని శాంతయ్యకు అప్పుడే తెలిసింది. నడిచినప్పుడు అది ఎంతకూ తరిగేది కాదు.

ఆ తరువాత దారంతా గాలే. తుమ్మచెట్లు వెనక్కి ఉరికాయి. తలపాగా విప్పుకుని కొంగులా ఎగిరింది. పొద్దున కూర్చున్న చెట్టు వచ్చిందనుకునేలోపే పోయింది. తాను ఇన్నేళ్లూ బరువులతో కొలిచిన దారి ఇంత తేలికదా అని ఆయనకు నవ్వొచ్చింది, గట్టిగా నవ్వాడు. నెత్తి మీద ఇవాళ ఏమీ లేదు.

మొయినాబాదు కనిపించింది. తన కొట్టం కనిపించింది. ప్రేమమ్మ చేట చేతపట్టుకుని రోడ్డు మీదకు వచ్చి నిలబడింది. ఒట్టి గుర్రం కోసం కాదు, చప్పుడు విని నిజంగానే వచ్చింది. చేటలో బియ్యం ఉంది.

"ఆపుర్రి దొరా, ఇదే మా ఇల్లు!"

చిన్నదొర వినలేదు. పెట్రోలు నిండుగా ఉంది, బండికి ఆయాసం లేదు, ఆగవలసిన పని ఏమీ లేదు. ఫట్‌ఫటి కొట్టాన్ని, గరాటును, ప్రేమమ్మను ఒక్క ఊపులో దాటిపోయింది. శాంతయ్య తల వెనక్కి తిప్పి, "సూసినవానే!" అని మాత్రం అరవగలిగాడు. ప్రేమమ్మ చేతిలోని చేట ఒరిగి బియ్యమంతా జలజలా రోడ్డు మీద రాలడం చూశాడు.

అజీజ్‌నగర్ దాటాక ఒక ఎద్దులబండి అడ్డం వస్తే చిన్నదొర ఆగి, వెనక్కి చూసి ఉలిక్కిపడ్డాడు. "అరే! నువ్వింక ఉన్నవా?"

శాంతయ్య దిగి, చంకలోంచి చెప్పులు తీసి తొడుక్కుని, దండం పెట్టి వెనక్కి నడక మొదలుపెట్టాడు.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. ప్రేమమ్మ ఇంకా రోడ్డు మీద బియ్యపు గింజలు ఏరుకుంటూనే ఉంది. ఆయనను చూడగానే ఆమెకు నవ్వు ఆగలేదు. పైట నోట్లో కుక్కుకుంది.

"ఎక్కిపోయినవు, నడిసి వచ్చినవు. నీ నసీబులనే నడక ఉన్నది."

"ఎక్కంగ సూసినవా లేదా?"

"సూసిన."

"ఎత్తుగున్ననా?"

"ఎత్తుగనే ఉన్నవయ్యా. దొర నీ కిందున్నడు. గోడ కాడ గూడ దిగలేదా?"

"దిగలేదే."

ఆమె లోపలికి పోయి పెద్ద రేకు తొట్టిలో నీళ్లు తెచ్చి గడప ముందు పెట్టింది. "కూసో. మా నాయిన బురద కాళ్లు కడిగిండు. ఇయాల నేను కడుగుత."

శాంతయ్య గోడకు ఆనుకుని కూర్చుని పాదాలు నీళ్లలో పెట్టాడు. నీళ్లు చల్లగా ఉన్నాయి. ఆమె వేళ్ల సందులు రుద్దుతుంటే చక్కిలిగింత పెట్టి ముడుచుకున్నాడు.

"ఇగ ఆ ఫట్‌ఫటి మన కాడ ఆగదు గదా?" అంది ఆమె.

"ఎందుకాగుతది? టాంకీ నేను జేసిన గద," అన్నాడు, కొంచెం గర్వంగా, కొంచెం దిగులుగా. తరువాత భుజం రుద్దుకున్నాడు. "అదురు ఇంక తగ్గలేదు. బండి అదురు గూడ తోడైనట్టున్నది."

"ఉండు, రొట్టె తెస్త."

పొయ్యి మీది జొన్నరొట్టె తిరగేసి, పచ్చడి వేసుకుని ఆమె బయటికి వచ్చేసరికి ఆయన అట్లాగే గోడకు ఆనుకుని ఉన్నాడు. ముఖం ఎప్పటిలాగే, ఇప్పుడే ఏదో వింత విన్నట్టుగా ఉంది. పాదాలు నీళ్లలోనే ఉన్నాయి. తొట్టిలో నీళ్లు మాత్రం కదలడం లేదు. ప్రేమమ్మ పళ్లెం కింద పెట్టింది. ఆయన పక్కనే గోడకు ఆనుకుని, చాలాసేపు ఆ నీళ్లను చూస్తూ కూర్చుంది.

మరునాడు పొద్దున్నే మైసయ్య మీసాలు దువ్వుకుంటూ వచ్చాడు. "ఏడీ శాంతయ్య? పెద్దదొర రమ్మంటుండు. నిన్నటి సంగతి అడుగుతడట," అంటూ వాకిట్లోకి వచ్చి, తెల్లగుడ్డ కప్పిన శాంతయ్యనూ, చుట్టూ ఉన్న జనాన్నీ చూసి ఆగాడు.

"ఎక్కడికని రావాలె మైసన్నా," అంది ప్రేమమ్మ. "ఆయన ఎక్కిపోయిండు. ఈసారి ఎవరు దిగుమన్నా దిగడు."

మైసయ్య కాసేపు అటూ ఇటూ చూసి, వంగి చెప్పులు విప్పి చేతపట్టుకుని, ఆ చిన్న గడప ముందు తల వంచి నిలబడ్డాడు.

తరువాత చాలా కాలం చిన్నదొర ఆ దారిన పట్నం పోతూ వస్తూనే ఉన్నాడు. తలకిందుల ఏనుగు ఎండకు మెరిసేది. మొయినాబాదులో ఒక్కనాడూ ఆగలేదు. కొట్టం ముందు నుంచి ఆ చప్పుడు పోయినప్పుడల్లా, లోపల మేకుకు వేలాడే పొడుగు ముక్కు గరాటు మాత్రం సన్నగా అదిరి, కొంతసేపు మోగి ఆగేది.